స్కూటర్ పెట్రోల్ ఎక్కువ తాగుతోందా, ఎయిర్ లాగుతోందా? కార్బొరేటర్ ట్యూనింగ్ ఇంట్లోనే చేసుకోవడం ఎలా

ఐడిలింగ్ నిలబడటం లేదనో, మైలేజీ పడిపోయిందనో బండిని షెడ్డుకు తీసుకెళ్తే చాలాచోట్ల మొదట జరిగేది ఒకటే. స్క్రూడ్రైవర్ తీసి కార్బొరేటర్ (పెట్రోలునూ గాలినీ కలిపి ఇంజిన్‌కు పంపే భాగం) మీదున్న స్క్రూని అటు సగం, ఇటు పావు తిప్పి, రెండుసార్లు రేస్ చేసి "ఇప్పుడు చూడండి" అంటారు. నాలుగు రోజులు బాగానే ఉంటుంది, తర్వాత మళ్లీ మొదటికొస్తుంది. ఆ స్క్రూ దానంతటది తిరగదు. నిన్నమొన్నటిదాకా చక్కగా నడిచిన బండిలో మిక్చర్, అంటే పెట్రోలు-గాలి మిశ్రమం, చెడిందంటే ఏదో మూసుకుపోయి ఉండాలి, ఎక్కడో చిరిగి ఉండాలి, లేదా ఏదో అరిగి ఉండాలి. దాన్ని పట్టుకోవడమే అసలు పని. స్క్రూ ముట్టుకోవడం అన్నిటికన్నా ఆఖర్న.

ఇక్కడ చెబుతున్నది పాత యాక్టివా, డియో, ప్లెజర్, స్కూటీ పెప్ ప్లస్ లాంటి 110 సీసీకి అటూ ఇటూగా ఉండే ఫోర్ స్ట్రోక్ కార్బొరేటర్ స్కూటర్ల గురించి. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్6 కాలుష్య నిబంధనలు అమల్లోకి వచ్చాక కొత్త స్కూటర్లు ఫ్యూయల్ ఇంజెక్షన్‌కి మారిపోయాయి. వాటిలో మిక్చర్‌ని కంప్యూటరే చూసుకుంటుంది, మీరు తిప్పడానికి స్క్రూ ఉండదు. ఎయిర్ ఫిల్టర్, ప్లగ్, థ్రాటిల్ బాడీ శుభ్రంగా ఉంచుకోవడం, మీటర్‌లో ఇంజిన్ లైటు వెలిగితే సర్వీస్ సెంటర్‌లో కోడ్ చదివించడం తప్ప మన చేతిలో పెద్దగా ఏమీ లేదు.

రిచ్ అంటే ఏంటి, లీన్ అంటే ఏంటి

ఒక భాగం పెట్రోలు పూర్తిగా మండాలంటే బరువు లెక్కన సుమారు 14.7 భాగాల గాలి కావాలి. గాలి తగ్గి పెట్రోలు ఎక్కువైతే రిచ్, పెట్రోలు తగ్గి గాలి ఎక్కువైతే లీన్. కట్టెల పొయ్యికి గాలి ఆడకపోతే నల్లటి పొగ, గిన్నెలకు మసి. రిచ్‌గా నడిచే ఇంజిన్‌లో ప్లగ్ మీదా, సైలెన్సర్ మూతి దగ్గరా కనిపించేది సరిగ్గా ఆ మసే. లీన్ అయితే మసి ఉండదు, ఇంజిన్ వేడెక్కిపోతుంది. రిచ్ వల్ల జేబుకు చిల్లు పడుతుంది, లీన్ ఎక్కువకాలం సాగితే ఎగ్జాస్ట్ వాల్వ్ కాలుతుంది. అందుకే రెండింటిలో లీన్‌కే నేను ఎక్కువ భయపడతాను.

ఈమధ్య దీనికి తోడు ఇంకో సంగతి. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోలు. ఇథనాల్‌లోనే కొంత ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి దానికి గాలి తక్కువ చాలు. అచ్చ ఇథనాల్‌కు 9 భాగాల గాలి సరిపోతుంది, ఈ20కి దాదాపు 13.5. ఇథనాల్ లేని పెట్రోలుకో, కొద్దిగా కలిపిన పెట్రోలుకో జెట్లు (పెట్రోలును కొలిచి పంపే సన్న రంధ్రాల ఇత్తడి ముక్కలు) అమర్చిన పాత కార్బొరేటర్ మాత్రం ఎప్పటిలాగే గాలి పీల్చుకుంటుంది. ఫలితంగా మీరేమీ చేయకపోయినా బండి కొద్దిగా లీన్ వైపు జరుగుతుంది. పొద్దున్నే స్టార్టింగ్ మొండికేయడం, ఎక్సలేటర్ ఇవ్వగానే ఒక్క క్షణం తడబడటం పాత బళ్లలో ఎక్కువవడానికి ఇదొక కారణం.

ముందుగా రోగం ఏ వైపో తేల్చండి

బండిని మెయిన్ స్టాండ్ మీద, గాలి ఆడే చోట పెట్టండి. మూసిన గ్యారేజీలోనో, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోనో ఇంజిన్ నడుపుతూ ట్యూనింగ్ చేయొద్దు. సైలెన్సర్ నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, అది ప్రాణం తీస్తుంది. రేస్ చేసేటప్పుడు వెనక చక్రం తిరుగుతుంది. చీర కొంగు, లుంగీ అంచు, పిల్లల చేతులు దాని దరిదాపుల్లో ఉండకూడదు.

రిచ్ లక్షణాలు ఇవి: చల్లగా ఉన్నప్పుడు బాగా నడిచి, వేడెక్కాక బరువుగా, మొద్దుగా అవుతుంది. పెట్రోలు వాసన వస్తుంది. ప్లగ్ మీద పొడి మసి పట్టి ఉంటుంది. వేడి మీద ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే ఎక్సలేటర్ పూర్తిగా తిప్పితే గాని అందుకోదు.

లీన్ లక్షణాలు దీనికి తిరగేసి ఉంటాయి. పొద్దున చోక్ చాలాసేపు వేసి ఉంచాల్సి వస్తుంది. ఎక్సలేటర్ వదిలినా ఇంజిన్ వెంటనే దిగదు, రేస్ అక్కడే వేలాడి తీరిగ్గా తగ్గుతుంది. ఐడిలింగ్ ఒకసారి పెరుగుతూ ఒకసారి తగ్గుతూ ఊగుతుంది. దిగుడులో ఎక్సలేటర్ మూస్తే సైలెన్సర్‌లో టపటపా పేలుతుంది. ఈ ఆఖరి దాన్ని మాత్రం ఒక్కదాన్నే పట్టుకుని తీర్పు చెప్పకండి. చాలా స్కూటర్లలో పొగ శుభ్రపడటానికి సైలెన్సర్ దారిలోకి తాజా గాలి పంపే వాల్వ్ ఒకటి ఉంటుంది. దాని పైపు చీలినా, సైలెన్సర్ గ్యాస్కెట్ లీకైనా ఇలాగే పేలుతుంది.

లక్షణాలు కలగాపులగంగా ఉంటే చోక్ పరీక్ష చేయండి. ఇంతకన్నా నమ్మకమైన పరీక్ష చేతి పనిముట్లతో ఇంకొకటి లేదు. బండిని పది నిమిషాలు తిప్పి బాగా వేడెక్కనివ్వండి. మీకు ఇబ్బంది పెట్టే స్థితిలో, అంటే ఐడిలింగ్‌లో అయితే ఐడిలింగ్‌లోనే, చోక్ లివర్‌ని కొద్దికొద్దిగా లాగండి. చోక్ అదనంగా పెట్రోలు పంపుతుంది. లాగుతుంటే ఇంజిన్ తేరుకుని రేస్ పెరిగితే అప్పటిదాకా లీన్‌గా ఉన్నట్టు. ఇంకా మొద్దుబారి ఆగిపోతే ఇప్పటికే సరిపడా, లేదా అంతకు మించి పెట్రోలు అందుతున్నట్టు. అనుమానం తీరడానికి ఎయిర్ ఫిల్టర్ మూత కాసేపు తీసి చూడండి: బండి తేలికైతే రిచ్, ఇంకా పాడైతే లీన్. మూత లేకుండా రోడ్డెక్కొద్దు.

ఎంత ఎక్సలేటర్ దగ్గర రోగం కనిపిస్తోందన్నదీ ముఖ్యమే. హ్యాండిల్ గ్రిప్ మీద, పక్కన స్విచ్ బాక్స్ మీద చిన్న టేపు ముక్కలు అంటించి పావు, సగం, ముప్పావు గుర్తులు పెట్టుకోండి. మూసి ఉన్నప్పటి నుంచి పావు లోపు వరకు పైలట్ జెట్, మిక్చర్ స్క్రూల రాజ్యం. పావు నుంచి ముప్పావు దాకా పిస్టన్ స్లైడ్, దానికి వేలాడే సన్న సూది, అంటే నీడిల్. ఆ పైన మెయిన్ జెట్. అంటే 50 స్పీడ్‌లో పికప్ లేని బండికి మిక్చర్ స్క్రూ ఎంత తిప్పినా వ్యర్థమే, అక్కడ ఆ స్క్రూ మాట చెల్లదు.

మిక్చర్ కాని రోగాలను పక్కకు తీయండి

గేర్లు లేని స్కూటర్‌లో ఇది తప్పనిసరి. ఎక్సలేటర్ ఇస్తే ఇంజిన్ శబ్దం పెరిగి బండి మాత్రం ముందుకు పోకపోతే అది బెల్టో, క్లచ్చో. ఇంజిన్ శబ్దమే పెరగకుండా గొంతు పట్టేసినట్టు ఉంటేనే మిక్చర్‌ని అనుమానించాలి. చక్రాన్ని చేత్తో తిప్పి చూడండి, బ్రేక్ పట్టేస్తోందేమో. టైర్లలో గాలి చూసుకోండి. మైలేజీ పోయిందని కార్బొరేటర్ విప్పిన బళ్లలో ఈ రెండే కారణమైనవి తక్కువేమీ కాదు.

తర్వాత ప్లగ్, టాపెట్ (వాల్వ్‌ని నొక్కి తెరిచే భాగం). ఎలక్ట్రోడ్ అరిగిన ప్లగ్ వల్ల వచ్చే మిస్సింగ్ అచ్చం లీన్ మిస్సింగ్‌లాగే ఉంటుంది. టాపెట్ గ్యాప్ బిగుసుకుపోతే వాల్వ్ పూర్తిగా మూసుకోక ఐడిలింగ్ నిలబడదు, స్టార్టింగ్ కష్టమవుతుంది. ఇంజిన్ పూర్తిగా చల్లారాక, మాన్యువల్‌లో చెప్పిన మందం ఉన్న ఫీలర్ గేజ్‌తో (ఖాళీని కొలిచే సన్న రేకుతో) సరిచూడండి. టాపెట్ సరిచేయకుండా మిక్చర్ సెట్ చేస్తే, టాపెట్ సరిచేసిన రోజు మళ్లీ మొదట్నుంచీ చేసుకోవాల్సిందే.

గాలి వైపు

ఎయిర్ ఫిల్టర్ తీసి చూడండి. ఫోమ్ అయితే సబ్బునీళ్లలో ఉతికి, ఆరబెట్టి, కొద్దిగా నూనె పట్టించి గట్టిగా పిండి పెట్టుకోవచ్చు. యాక్టివా లాంటి వాటిలో ఉండే నూనె పట్టించిన పేపర్ ఫిల్టర్‌ని మాత్రం గాలి కొట్టి శుభ్రం చేయకూడదు. నూనె పోతే ధూళి ఆగదు. మురికి పట్టిందంటే మార్చడమే. ఫిల్టర్ మూసుకుపోతే బండి రిచ్ అవుతుంది.

లీన్ అని తేలితే ముందు చూడాల్సింది కార్బొరేటర్‌కీ ఇంజిన్‌కీ మధ్య ఉన్న ఇన్‌లెట్ పైపు. దాని రబ్బరు పగిలినా, ఓ-రింగ్ గట్టిపడినా, బోల్టు వదులైనా అక్కడి నుంచి లెక్కలో లేని గాలి లోపలికి పోతుంది. మెకానిక్‌లు "ఎయిర్ లాగుతోంది" అనేది దీన్నే. కొందరు ఇంజిన్ నడుస్తుండగా అక్కడ పెట్రోలో, కార్బ్ క్లీనర్ స్ప్రేనో కొట్టి చూస్తారు. వేడి సైలెన్సర్ పక్కనే అలా చేయడం మంట పెట్టుకోవడమే. చిన్న స్ప్రే సీసాలో సబ్బునీళ్లు పోసి జాయింట్ల మీద చల్లండి. లీకు ఉన్నచోట నీళ్లు పడగానే అది ఒక్క క్షణం మూసుకుని ఇంజిన్ శబ్దం మారుతుంది. ఎక్కడ మారిందో అక్కడే లీకు.

పెట్రోలు వైపు

డిక్కీ బాక్స్ విప్పితే కార్బొరేటర్ చేతికి అందుతుంది. విప్పకముందే రెండు చిన్న పరీక్షలు చేసేయండి.

మొదటిది, వ్యాక్యూమ్‌తో పనిచేసే పెట్రోల్ కాక్. ఇంజిన్ పీల్పుకు తెరుచుకుని, ఆపగానే మూసుకునే కాక్ చాలా స్కూటర్లలో ఉంటుంది. దానికి రెండు పైపులు: లావుది పెట్రోలుకు, సన్నది పీల్పుకు. సన్న పైపు ఊడదీసి చూస్తే లోపల పొడిగా ఉండాలి. పెట్రోలు తడి కనిపిస్తే లోపలి డయాఫ్రమ్ (పల్చటి రబ్బరు పొర) చిరిగింది, అక్కడి నుంచి ఇంజిన్ నేరుగా పెట్రోలు తాగేస్తోంది. ఎంత ట్యూనింగ్ చేసినా లొంగని రిచ్ బళ్లలో ఇది తరచూ దొంగగా దొరుకుతుంది.

రెండోది, ఫ్లోట్ మట్టం, అంటే గిన్నెలో పెట్రోలు ఎంత ఎత్తున ఉందన్నది. తేలే ఫ్లోట్, దాని వాల్వ్ ఆ ఎత్తును అదుపులో ఉంచుతాయి. కార్బొరేటర్ అడుగు గిన్నె డ్రెయిన్‌కు పారదర్శకమైన సన్న పైపు తగిలించి, దాన్ని గిన్నె పక్కన నిలువుగా పైకి పట్టుకుని డ్రెయిన్ స్క్రూ వదులు చేయండి. పైపులో పెట్రోలు గిన్నె అంచుకు కొద్దిగా కిందే ఆగాలి. అంచు దాటి పైకి వస్తుంటే ఫ్లోట్ వాల్వ్ కొన అరిగింది, లేదా దాని కింద చెత్త ఇరుక్కుంది. ఓవర్‌ఫ్లో పైపు నుంచి పెట్రోలు కారడం దీనికి ముదిరిన రూపం.

చోక్ సంగతి కూడా చూడండి. కేబుల్ పట్టేసి చోక్ ప్లంజర్ పూర్తిగా కిందికి దిగకపోతే బండి రోజంతా చోక్‌లోనే నడుస్తున్నట్టు. ఆటో చోక్ ఉన్న బళ్లలో కరెంటుతో వేడెక్కి మూసుకునే చిన్న పరికరం ఉంటుంది. దానికి కరెంటు అందకపోయినా ఇదే ఫలితం.

ఇక విప్పాల్సి వస్తే. పెట్రోల్ పైపుకు క్లిప్పు వేసి, గిన్నెలో ఉన్నది సీసాలోకి దించేసి, కార్బొరేటర్ బయటికి తీయండి. దగ్గర్లో పూజ దీపం, సిగరెట్, గ్యాస్ స్టవ్ ఏదీ ఉండకూడదు. ముందు పై మూత విప్పి స్లైడ్‌నీ, దానికి అంటుకున్న నల్లటి రబ్బరు డయాఫ్రమ్‌నీ జాగ్రత్తగా పైకి తీసి వెలుతురుకు పట్టి చూడండి. సూదిమొన అంత చిల్లు ఉన్నా స్లైడ్ సరిగా లేవదు, సగం ఎక్సలేటర్ తర్వాత పికప్ చచ్చిపోతుంది. కార్బ్ క్లీనర్ పడితే ఈ రబ్బరు ఉబ్బి సాగిపోతుంది కాబట్టి డయాఫ్రమ్, ఓ-రింగులు అన్నీ తీశాకే స్ప్రే చేయాలి.

కింద గిన్నె విప్పితే రెండు జెట్లు కనిపిస్తాయి. పెద్ద రంధ్రం ఉన్నది మెయిన్, సన్నది పైలట్. నెలల తరబడి కదలని బండిలో పెట్రోలు ఆవిరై జిగురు మిగులుతుంది, అది ముందుగా మూసేది ఈ పైలట్ జెట్‌నే. విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతాల్లో ఇంకో చిక్కు ఉంది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, నీరు గిన్నె అడుగున చేరి అల్యూమినియం మీద తెల్లటి పొడి కడుతుంది. సరైన సైజు స్క్రూడ్రైవర్‌తో జెట్ తీసి ఆకాశం వైపు పట్టి చూడండి. గుండ్రటి వెలుతురు చుక్క కనిపించాలి. అర్ధచంద్రంలా ఉన్నా అది మూసుకున్నట్టే. క్లీనర్‌లో నానబెట్టి గాలి కొట్టండి. లొంగకపోతే కరెంటు వైరులోంచి తీసిన ఒక్క రాగి పోగు దూర్చండి. సూదులు, పిన్నీసులు, గిటార్ తీగలు వాడొద్దు. ఇత్తడి రంధ్రం వెంట్రుకవాసి పెద్దదైనా ఆ జెట్ ఇక జీవితాంతం రిచ్చే.

నీడిల్, అది దిగే గొట్టం కూడా వేల కిలోమీటర్ల తర్వాత అరుగుతాయి. నీడిల్ పక్కన మెరుగు పట్టిన చారలు కనిపిస్తే రెండూ కలిపి మార్చాలి. ఈ అరుగుదల ఎప్పుడూ రిచ్ వైపే తీసుకెళ్తుంది.

ఇప్పుడు స్క్రూ

పైవన్నీ సరిచేసి బిగించాక, ఇంజిన్ బాగా వేడెక్కాక మాత్రమే దీని జోలికి రండి. కార్బొరేటర్ మీద రెండు స్క్రూలుంటాయి. పెద్దది, చేతికి సులువుగా అందేది, ఐడిలింగ్ స్క్రూ. అది రేస్ పెంచుతుంది తగ్గిస్తుంది, అంతే. సన్నగా రంధ్రంలో దాగి ఉండేది మిక్చర్ స్క్రూ. ఇది ఇంజిన్ వైపు ఉంటే విప్పేకొద్దీ రిచ్, బిగించేకొద్దీ లీన్. ఫిల్టర్ వైపు ఉండే రకంలో సరిగ్గా తలకిందులు, అది గాలిని కొలుస్తుంది. మన ఫోర్ స్ట్రోక్ స్కూటర్లలో ఎక్కువ భాగం మొదటి రకమే. కొన్నింటి తల అర్ధచంద్రాకారంలో ఉండి మామూలు స్క్రూడ్రైవర్‌కు లొంగదు, దానికి వేరే టూల్ దొరుకుతుంది. తల కోసేసి గాడి పెట్టొద్దు.

ఇంజిన్ ఆపి, స్క్రూని మెల్లగా కుడివైపు తిప్పుతూ అడుగు తాకేదాకా తీసుకెళ్లండి. పావు చుట్టుకొకటి చొప్పున లెక్కపెట్టి కాగితం మీద రాసుకోండి. అడుగు తగలగానే ఆగాలి. బలవంతం చేస్తే స్క్రూ కొన విరిగి లోపల ఇరుక్కుంటుంది, అప్పుడు కార్బొరేటరే మార్చాలి. మళ్లీ అన్నే చుట్లు వెనక్కి విప్పి మొదటి స్థానానికి తెచ్చి స్టార్ట్ చేయండి.

ఐడిలింగ్ స్క్రూతో రేస్‌ని మాన్యువల్ చెప్పిన దగ్గర పెట్టండి. యాక్టివాకు 1700 ఆర్‌పీఎం, 100 అటూ ఇటూ. ప్లగ్ వైరుకు చుట్టే చిన్న టాకోమీటర్ ఉంటే మంచిది, లేకపోతే చెవే మీటర్. ఇప్పుడు మిక్చర్ స్క్రూని పావు చుట్టు చొప్పున బిగిస్తూ, ప్రతిసారీ పది సెకన్లు ఆగి వినండి. ఒకచోట ఇంజిన్ తడబడటం మొదలవుతుంది. ఆ స్థానం గుర్తుపెట్టుకోండి. ఇప్పుడు విప్పుతూ రండి. రేస్ పెరిగి, ఒకచోట నిలిచి, తర్వాత మళ్లీ బరువుగా దిగుతుంది. ఈ రెండు హద్దుల మధ్య రేస్ అన్నిటికన్నా ఎక్కువగా, శబ్దం నునుపుగా ఉన్నచోట ఆగండి. రేస్ ఎక్కువైంది కాబట్టి ఐడిలింగ్ స్క్రూతో మళ్లీ 1700కి దించి, ఇదంతా ఇంకోసారి చేయండి. రెండోసారికి మార్పు చాలా కొద్దిగా ఉంటుంది.

ఎక్సలేటర్ టక్కున తిప్పి వదలండి. తిప్పగానే తడబడితే లీన్ వైపు ఉంది, ఒక పావు లోపు విప్పండి. వదిలాక రేస్ ఐడిలింగ్ కన్నా కిందికి దిగి, ఆగిపోబోయి తేరుకుంటే రిచ్, అంతే బిగించండి.

స్క్రూ ఇక్కడ మీకు లోపలి కబురు కూడా చెబుతుంది. పూర్తిగా బిగించినా ఇంజిన్‌లో ఏ మార్పూ లేకపోతే పెట్రోలు పైలట్ దారిలోంచి రావడం లేదు: అది మూసుకుందో, చోక్ తెరిచే ఉందో, ఐడిలింగ్ స్క్రూ మరీ ఎక్కువ బిగించి ఉందో. సరైన స్థానం మూడు చుట్లకు పైన దొరికితే పైలట్ జెట్ ఇంకా శుభ్రపడలేదు, లేదా ఎయిర్ లాగుతోంది. అర చుట్టు లోపలే దొరికితే ఎక్కడి నుంచో దొంగ పెట్రోలు వస్తోంది. మామూలుగా ఒకటిన్నర నుంచి రెండున్నర చుట్ల మధ్య కుదరాలి. కుదరకపోతే స్క్రూతో పోట్లాడకుండా వెనక్కి వెళ్లి వెతకండి.

ఈ20 వల్ల వచ్చే కొద్దిపాటి లీన్‌ని ఐడిలింగ్ వరకు ఈ స్క్రూయే సర్దేస్తుంది. సగం, ముప్పావు ఎక్సలేటర్ దగ్గర కూడా బండి వేడెక్కి తడబడుతుంటే, చోక్ పరీక్షలో అక్కడా లీన్ అనే తేలితే, అప్పుడు మాత్రమే ఒక నంబరు పెద్ద మెయిన్ జెట్ గురించి ఆలోచించండి. ఒక్క నంబరే. అరకు ఘాట్ ఎక్కితే బండి కాస్త మొద్దుగా అనిపించడం వేరు. పైన గాలి పలచన కాబట్టి అక్కడ మిక్చర్ రిచ్ అవుతుంది, దిగగానే సర్దుకుంటుంది. ఒక్క ప్రయాణం కోసం సెట్టింగ్ మార్చొద్దు.

టూ స్ట్రోక్ చేతక్, ఎల్‌ఎంఎల్ ఉన్నవాళ్లకు ఒక్కమాట. ఇంజిన్ భద్రంగా ఉంటుందని పెట్రోల్లో ఆయిల్ ఎక్కువ కలిపితే, అదే జెట్ గుండా పోయే పెట్రోలు ఆమేరకు తగ్గి మిక్చర్ లీన్ అవుతుంది. చెప్పిన పాళ్లకే కట్టుబడండి.

రోడ్డు మీద సరిచూసుకోవడం

ఐదారు కిలోమీటర్లు ఒకే వేగంతో నడిపి, ఐడిలింగ్‌లో ఉంచకుండా వెంటనే ఆపేయండి. చల్లారాక ప్లగ్ విప్పండి. పింగాణీ లేత ఇటుక రంగులోనో, బూడిద రంగులోనో ఉంటే సరే. తెల్లగా సున్నం కొట్టినట్టుంటే లీన్, పొడి మసి అయితే రిచ్. నల్లగా ఉన్నా తడిగా, జిడ్డుగా మెరుస్తుంటే అది పెట్రోలు కాదు, ఇంజిన్ ఆయిల్. రింగులో, వాల్వ్ సీళ్లో పోయినట్టు.

తర్వాత పీయూసీ (పొల్యూషన్ పరీక్ష) చేయించండి. జనం దాన్ని చలానా తప్పించుకునే కాగితంగా చూస్తారు గానీ, మిక్చర్ గురించి అంత తక్కువ ఖర్చుతో అంత కచ్చితంగా చెప్పేది ఇంకేదీ లేదు. గొట్టం సైలెన్సర్‌లో సరిగా లోపలికి పెట్టి తీయమనండి. సైలెన్సర్‌కు చిల్లులుంటే బయటి గాలి కలిసి అంకెలు అబద్ధం చెబుతాయి. 2000 మార్చి తర్వాత వచ్చి, బీఎస్4కు ముందువైన ఫోర్ స్ట్రోక్ బళ్లకు సీఓ (కార్బన్ మోనాక్సైడ్) హద్దు 3.5 శాతం, హెచ్‌సీ (మండకుండా మిగిలిన పెట్రోలు ఆవిరి) హద్దు 4500 పీపీఎం. కొత్త బళ్లకు హద్దులు ఇంకా తక్కువ, అవి కాగితం మీదే ఉంటాయి. పాస్ అయిందా లేదా అని మాత్రమే చూడకుండా రెండు అంకెలనూ కలిపి చదవండి. సీఓ హద్దు దగ్గర తచ్చాడుతుంటే రిచ్. సీఓ చాలా తక్కువగా ఉండి హెచ్‌సీ మాత్రం ఎక్కువగా ఉంటే పెట్రోలు మండకుండా బయటికి పోతోంది, అంటే లీన్ మిస్సింగో, ప్లగ్గో, టాపెట్టో. రెండూ ఎక్కువైతే ముందు ఎయిర్ ఫిల్టర్, చోక్ మళ్లీ చూడండి.

ఆ కాగితం వెనకే స్క్రూ ఎన్ని చుట్లు విప్పి ఉందో, అప్పటి కిలోమీటర్ రీడింగ్ ఎంతో, ప్లగ్ రంగు ఎలా ఉందో రాసి డిక్కీలో పెట్టుకోండి. ఈసారి షెడ్డుకు వెళ్లాల్సి వస్తే అది మెకానిక్ చేతికి ఇచ్చి, స్క్రూ తిప్పే ముందు ఒకసారి చూడమని అడగండి.